ఫారం కూడా పరీక్షే
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. తెలుగులో మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. తప్పులుంటే మన్నించాలి. ఈ రోజు పెద్ద పెద్ద సంగతులు చెప్పబోను. ఒక ఫారం గురించి చెబుతాను.

కొన్నేళ్ళ క్రిందట నా దగ్గర చదివిన ఒక కుర్రాడు ఇంటర్ సి.ఇ.సి. మంచి మార్కులతో పూర్తి చేశాడు. తండ్రికి ఇక్కడే కార్ఖానాలో పని. "సార్, సి.ఏ. చదువుతాను" అన్నాడు. నాకెంతో సంతోషం వేసింది. అప్పూసప్పూ చేసి ఫౌండేషన్ కోర్సుకు రిజిస్ట్రేషన్ చేయించాము. "ఇక నిశ్చింతగా చదువుకో బేటా, మిగతాది దానంతటదే వస్తుంది" అన్నాను. వాడు రాత్రింబగళ్ళు చదివాడు. పరీక్షలు పది రోజులున్నాయనగా వచ్చి, "సార్, హాల్ టికెట్ ఎక్కడ ఇస్తారు?" అని అడిగాడు. విచారిస్తే తెలిసింది, కోర్సులో చేరడం వేరు, పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవడం వేరు. గడువు ఎప్పుడో దాటిపోయింది.

అప్పట్లో ఏడాదికి రెండుసార్లే పరీక్ష. మళ్ళీ ఆరు నెలలు ఆగమంటే, "ఇంట్లో జరగడం లేదు సార్" అని ఓ బట్టల కొట్టులో చేరాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఎదురుపడితే సలాం చేస్తాడు. ఆ సలాంకు జవాబు చెప్పడం నాకు బరువుగా ఉంటుంది. తప్పు వాడిది కాదు, తెలుసుకోకుండా భరోసా ఇచ్చిన నాది. అందుకే ఆ తర్వాత ఈ విషయాలన్నీ అడిగి అడిగి తెలుసుకున్నాను.

సి.ఏ. పరీక్షలు నడిపే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ 1949లో చట్టం ద్వారా ఏర్పడింది. హైదరాబాదు శాఖ రెడ్‌హిల్స్‌లో ఉంది. మెట్లు మూడు: ఫౌండేషన్, ఇంటర్మీడియెట్, ఫైనల్. 2024 నుంచి మొదటి రెండు పరీక్షలు ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి. ఫౌండేషన్ జనవరిలో రాయాలంటే సెప్టెంబరు 1 లోగా, మే-జూన్‌లో రాయాలంటే జనవరి 1 లోగా, సెప్టెంబరులో రాయాలంటే మే 1 లోగా రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. అంటే నాలుగు నెలల చదువు తప్పనిసరి.

ఇది మొదటి తలుపు. రెండో తలుపు పరీక్ష ఫారం. ఇది పరీక్షకు సుమారు రెండు నెలల ముందు సంస్థ వెబ్‌సైటులో వస్తుంది, దాదాపు రెండు వారాలే ఉంటుంది. గడువు దాటితే 600 రూపాయల ఆలస్య రుసుంతో మరికొన్ని రోజులు ఇస్తారు. అదీ దాటితే ఎవరి సిఫారసూ పనిచేయదు. ఊరు, భాష తప్పు పెట్టినవారికి దిద్దుకోవడానికి కొద్ది రోజులు ఇస్తారు. పరీక్షకు రెండు వారాల ముందు హాల్ టికెట్ వెబ్‌సైటులో పెడతారు. పోస్టులో ఇంటికి రాదు, మనమే తీసుకోవాలి.

ఇక పేర్ల సంగతి. ఇది మన ఇళ్ళల్లో ప్రత్యేకమైన బాధ. పదో తరగతి మెమోలో "ఎం.డి.", ఆధార్‌లో "మహమ్మద్", టి.సి.లో "మొహమ్మద్". ముగ్గురూ ఒకడే అని మనకు తెలుసు, కాగితానికి తెలియదు. రిజిస్ట్రేషన్‌కు పుట్టిన తేదీ, పేరు పదో తరగతి కాగితం నుంచే చూస్తారు. ఆ నకళ్ళను సి.ఏ. సభ్యుడు గానీ, గెజిటెడ్ అధికారి గానీ, విద్యాసంస్థ అధిపతి గానీ ధ్రువీకరించాలి. మన హెడ్మాస్టరు గారు ఉన్నారు కదా, సంకోచించకుండా అడగండి.

భాష విషయం కూడా చెప్పాలి. తార్నాక దాటితే కనిపించే ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. కానీ సి.ఏ. పరీక్ష ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ రాయాలి. "హిందీ మనకు వచ్చులే" అని ఫారంలో టిక్కు పెట్టకండి. మాట్లాడటం వేరు, దేవనాగరిలో లెక్కల పరిభాష రాయడం వేరు. నా సలహా, ఎనిమిదో తరగతి నుంచే పిల్లలకు ఇంగ్లీషు లెక్కల మాటలు అలవాటు చేయండి. ఉర్దూ చదివితే వెనకబడతారని అనడం లేదు. దారి ఎటు పోతుందో ముందే తెలియాలి అంటున్నాను.

అమెరికా వారి సి.పి.ఏ. పరీక్ష గురించి కొందరు అడుగుతున్నారు. 2020 నుంచి అది మన దేశంలోనే, హైదరాబాదులో కూడా రాయవచ్చు. అక్కడ ఒక రాష్ట్రపు బోర్డు మన డిగ్రీని పరిశీలించి అర్హత తేల్చాలి. ఆ తర్వాత ఫీజు కడితే అనుమతి పత్రం వస్తుంది. అది వచ్చాకే మనం పరీక్ష తేదీ ఎంచుకోవాలి. పత్రానికి సాధారణంగా ఆరు నెలలే ఆయుష్షు. వాడకుండా ఊరుకుంటే కట్టిన రుసుం పోతుంది. ఆ పత్రంలోని పేరు, పాస్‌పోర్టులోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. చూశారా, అక్కడా పేరే, అక్కడా గడువే!

చివరగా సంఘం పెద్దలకు రెండు మనవులు. ఒకటి, పదో తరగతి పిల్లల వివరాలు బోర్డుకు పోకముందే మనవాళ్ళెవరైనా కూర్చొని ప్రతి ఇంటి పిల్లల పేర్లు సరిచూడాలి. మెమో వచ్చాక దిద్దించడం చాలా కష్టం. రెండు, సంఘం ఆఫీసు గోడకు పరీక్షల గడువు తేదీలు పెద్ద అక్షరాలతో, ఉర్దూలో, తెలుగులో రాసి పెట్టాలి. ఆ గోడ రాత బాధ్యత నాకివ్వండి, నేను రాస్తాను. బట్టల కొట్టులో ఉన్న ఆ కుర్రాడికి ఇప్పుడు ఒక కూతురుంది. ఆ పిల్ల రేపు సి.ఏ. చదువుతానంటే, గడువు తెలియక ఆగిపోకూడదు.