మూడో సీసా మనది

(వరంగల్‌లో గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల కోసం కొట్లాడుడు మనకు కొత్త గాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిండు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువును కుడితి బకెట్లతో ఖరాబు చేస్తుంటే మున్నంగి సువార్త అడ్డం నిలబడి ప్రశ్నించింది. జూలై 17 నాటి దాడిలో ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయినయి. ఆనాడు బకెట్ కంటికి కనపడ్డది. ఇయ్యాల విషం నేల కింద నుంచి వస్తున్నది. కనపడని విషాన్ని ఎట్ల పట్టుకోవాలె, ఎవరిని అడగాలె అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

పటాన్‌చెరు చరిత్ర మనకు పాఠం. ఫ్యాక్టరీల మురికితో నక్కవాగు పాడయి, ఆ నీళ్లు మంజీరల కలుస్తుంటే 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. డాక్టర్ కిషన్‌రావు వంటివాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. శుద్ధి కేంద్రం పెట్టినమన్నరు. సుమారు 90 మందుల కంపెనీల మురికినీళ్లు లారీ టాంకర్లల్ల అక్కడికి పోయేవి. స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లనే పరీక్ష చేసి, 2007లో ఫలితాలు అచ్చేసిండ్రు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. జ్వరాలకు డాక్టర్లు రాసే మందు అది. 2009లో అచ్చయిన పరిశోధనలో చుట్టుపక్కల ఊళ్ల బావి నీళ్లల్ల కూడా మందులు దొరికినయి. మరి అంతకుముందు నీళ్ల పరీక్షలు జరగలేదా? జరిగినయి. కాని మందుల కోసం ఎవరూ వెతకలేదు. వెతకనిది దొరకదు. ఈ మాట గుర్తుంచుకోండ్రి.

ఇగ మన దగ్గరికి వద్దాం. లారీలు నిలిచే అడ్డాలు, టాంకర్లు కడిగే షెడ్లు, డీజిల్ బంకులు, బ్యాటరీలు విప్పే దుకాణాలు పట్నం అంచులకు, ఊళ్ల పక్కకు వస్తున్నయి. కారిన డీజిల్, కాలిన ఆయిలు, బ్యాటరీల సీసం, టాంకర్ కడిగిన నీళ్లు అన్నీ నేలల ఇంకుతయి. చాలా ఊళ్లల్ల పల్లానికి ఉండేది మన వాడలే. భూమి పైన ఎట్లనో కింద కూడా నీళ్లు ఎక్కువగా పల్లానికే నడుస్తయి.

ఆఫీసరు వస్తడు, టీడీఎస్ మీటరు ముంచుతడు, "నాలుగొందలే ఉన్నది, మంచి నీళ్లే" అంటడు. 500 దాకా ఫర్వాలేదని ప్రమాణం చెప్తది, నిజమే. కాని ఆ మీటరు చూసేది కరిగిన ఉప్పులను. డీజిల్‌ను అది చూడదు. సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటితే ఆ నీళ్లు తాగరాదు. అంత చిన్న లెక్క ఆ మీటరుకు అందదు. అందుకే ఏమేం పరీక్ష చేసిండ్రో పేరు పేరునా అడగాలె.

బోరు ఎక్కడ వేసిండ్రన్నది రెండో సంగతి. అడ్డాకు ఎగువన ఒకటి, దిగువన కనీసం రెండు మూడు పరిశీలన బోర్లు ఉండాలె. ఎగువ నీళ్లతో పోల్చితేనే దిగువ ఏం కలిసిందో తెలుస్తది. మనది ఎక్కువగా గ్రానైటు రాయి. నీళ్లు రాయి పగుళ్లల్ల నడుస్తయి. ఒక బోరు బాగుండి, పక్క బోరు విషం కావచ్చు. డీజిల్ నీళ్లమీద తేలుతది, కొన్ని రసాయనాలు అడుగుకు దిగుతయి. అందుకని ఒక్క లోతు, ఒక్క సీసా చాలవు. ఎండకాలం ఒకసారి, వానలు వెనుకబడ్డంక ఒకసారి, ఏటేటా అవే బోర్లల్ల పట్టాలె.

పట్టే పద్ధతి కూడా నేర్చుకోండ్రి. ముందు బోరుల నిలిచిన పాత నీళ్లు తోడి పారబోయాలె. డీజిల్, పెట్రోలు విషాల కోసమైతే గాజు సీసాను గాలి బుడగ లేకుండ నింపి, మూత బిగించి, ఐసుల పెట్టి పంపాలె. సగం నింపిన సీసాల ఆ విషం ఆవిరై పైకి పోతది, కాగితం మీద "ఏమీ లేదు" అని వస్తది.

ఇగ చట్టం. 1974 నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ చూడండ్రి. కంపెనీ వదిలే మురికినీళ్ల నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, రెండు పక్షాలు సంతకం పెట్టాలె. ఒకటి బోర్డు లాబుకు పోతది. కంపెనీ కోరితే రెండోది ఇంకో లాబుకు పోతది. అంటే ఖరాబు చేసినోడికి అనుమానం తీర్చుకునే హక్కు ఉన్నది. ఆ నీళ్లు తాగేటోళ్లకు ఆ సీసాల వాటా ఏది? రెండు సీసాల చట్టంల మూడో సీసా లేదు. అది మనం గుంజుకోవాల్సిందే. 2005 సమాచార హక్కు చట్టంల ధృవీకరించిన నమూనాలు తీసుకునే హక్కు రాసి ఉన్నది. ఆ తొవ్వ మనకున్నది.

కార్యకర్తలు ఊరికి పోయి చేయాల్సిన పనులు మూడు. వాడల ఉన్న బావి, బోరు, బోరింగు అన్నిటికీ నంబరు వేసి, లోతు, వాసన, రంగు తారీకుతోటి నోటుబుక్కుల రాయండ్రి. పరిశీలన బోర్లల్ల ఒకటి దళితవాడల్నే ఉండాలని గ్రామసభల తీర్మానం పెట్టించండ్రి. పరీక్ష కాగితాన్ని తెలుగుల రాయించి, సభల గట్టిగ చదివించండ్రి. విషం తేలితే ఆ రోజు నుంచే వేరే మంచినీళ్లు ఇయ్యాలని అదే తీర్మానంల రాయించండ్రి. నీళ్లు రానియ్యకుండ లెక్క మాత్రమే చేతిల పెడితే దాహం తీరదు.

ఒకప్పుడు బావి ముట్టొద్దన్నరు. ఇయ్యాల బావి మనకే వదిలిపెట్టి, అందుల ఏమున్నదో చెప్పమంటున్నరు. రెండూ అంటరానితనమే. ముట్టిన నీళ్లనే కాదు, ఆ నీళ్ల లెక్కను కూడా మనమే ముట్టుకుందాం.

జై భీం.