ఎవరి పేపరూ కాని పేపరు
(వీరులపాడులో చేసిన స్మారకోపన్యాసం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారి పేరు బ్యానరు మీద ఉంది. ఈ చుట్టుపక్కల ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు నాకు తెలియదు, నేనూ మాస్టారనే అంటాను. ఆయన లెక్కల పంతులు. శాతాల పాఠం వచ్చిందంటే పత్తి కాటా దగ్గర తేమ పేరు చెప్పి ఎంత తరుగు తీస్తారో, అందులో న్యాయంగా పోవలసింది ఎంతో, ఊరికే పోయేది ఎంతో బోర్డు మీద వేసి చూపించేవారు. అది లెక్కలా, సాంఘికశాస్త్రమా, వ్యవసాయమా అని ఏ పిల్లవాడూ అడగలేదు. అందుకే ఈ ఏడాది ‘గ్రూపుతో పనిలేకుండా డిగ్రీలో అందరూ చదవాల్సిన పాఠాలు’ అన్న అంశం తీసుకున్నాను. బి.కాం. పిల్లవాడికి పర్యావరణం ఎందుకు, కంప్యూటర్లు చదివే అమ్మాయికి తెలుగు ఎందుకు? పిల్లల్ని అడిగితే, “జనరల్ పేపర్లేగా సార్, అవి ఉంటాయిలే” అంటారు. ఆ ‘ఉంటాయిలే’ ఈనాటిది కాదు. దానికి నూట అరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది. అప్పట్లో మెట్రిక్యులేషన్, దాని మీద ఫస్ట్ ఆర్ట్స్ అనే ఎఫ్.ఎ., ఆపైన బి.ఎ. ఎఫ్.ఎ.లో గ్రూపు అన్న మాటే లేదు. ఇంగ్లీషు, మరో భాష, గణితం, చరిత్ర, శరీరధర్మశాస్త్రం అన్నీ అందరికీ తప్పనిసరి. ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టే. శ్రీనివాస రామానుజన్ అలాగే తప్పాడు. కుంభకోణంలో ఇంగ్లీషు తప్పి స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, 1906లో ఒకసారి, మరుసటి ఏడాది మరోసారి ఎఫ్.ఎ. తప్పాడు. లెక్కల్లో మాత్రం ఆయనకు చెప్పగలవాడు ఆ కాలేజీలో లేడు. ఉమ్మడి పాఠాలు వద్దనేవాళ్ళు ఇప్పటికీ ఈ కథే చెబుతారు, అందులో నిజం లేకపోలేదు. కానీ రామానుజన్‌ని తప్పించింది శరీరధర్మశాస్త్రం కాదు, ఆ పరీక్ష. అందరూ ఒకటి తెలుసుకోవాలనడం వేరు, తెలియకపోతే బతుకుదారి మూసేస్తామనడం వేరు. ఆ రోజుల్లో సర్కారుకు కావలసింది గుమాస్తాలూ ప్లీడర్లూ కాబట్టి రెంటినీ కలిపేశారు.

ఆ చట్రంలోనే గొప్ప గురువులు లేకపోలేదు. బందరు నోబుల్ కాలేజీలోనూ, తర్వాత కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలోనూ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు చెప్పింది ఇంగ్లీషు సాహిత్యం. శిష్యులు నేర్చుకున్నది అంటరానితనం తప్పనీ, ఆడపిల్లకు చదువు కావాలనీ. సిలబస్ ఏ పేజీలోనూ ఈ మాటలు లేవు.

ఇప్పుడు మన తాలూకాకు వద్దాం. తిరుపతమ్మ తిరునాళ్ళకు పెనుగంచిప్రోలు వెళ్ళనివాళ్ళు ఈ సభలో ఉండరు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1877లో పుట్టింది ఆ ఊళ్ళోనే. ఆయన అక్క భండారు అచ్చమాంబ గారూ అక్కడే పుట్టారు. తమ్ముడు అక్కగారింట ఉండి చదువుకుంటుంటే, ఏ బడికీ వెళ్ళని ఆవిడ అతని పక్కనే కూర్చుని చదువు పట్టేశారు. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాశారు, దేశదేశాల స్త్రీల చరిత్రలు సేకరించి పుస్తకం చేశారు. డిగ్రీ లేని ఆ చదువు ముందు మన డిగ్రీల్ని ఒకసారి పెట్టి చూడాలనిపిస్తుంది నాకు.

లక్ష్మణరావు గారు ఎం.ఎ. చదివి మునగాల సంస్థానంలో దివాను అయ్యారు. చుట్టూ నైజాం రాజ్యం ఉన్నా ఆ మునగాల అప్పట్లో మన నందిగామ తాలూకాలోదే. 1959లో గాని నల్గొండ జిల్లాలో కలవలేదు. దివానుగిరీ చేస్తూనే ఆయన 1906లో హైదరాబాదులో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తెలుగు మాత్రమే చదవగలిగినవాడికి చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, దేశనాయకుల జీవితాలు తక్కువ ధరకు అందించాలన్నది సంకల్పం. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్ర కూడా ఈ మండలి వేసిందే. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా అధ్యక్షుడి కథతో ఒక తెలుగు గ్రంథమాల మొదలవడం యాదృచ్ఛికం అనుకోను. ఆ తర్వాత లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నారు. మూడు సంపుటాలు తెచ్చినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో మద్రాసులో కన్నుమూశారు.

ఒక్క సంగతి గమనించండి. కాలేజీలో ఉమ్మడి పాఠాలు గండంలా గడుస్తున్న రోజుల్లోనే, కాలేజీ బయట అవే పాఠాలను జనం డబ్బిచ్చి కొనుక్కుని చదివారు. విషయం ఒకటే. తేడా ఏమిటంటే బయట దాన్ని నెత్తిన పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. నా ఉపన్యాసమంతా ఈ ఒక్క ముక్కే.

బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకూ ఇదే వర్తిస్తుంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు నిలబెట్టిన ఆ కళాశాలలో చదువుతోపాటు చేతిపనీ చిత్రకళా నేర్పారు. పింగళి వెంకయ్య గారు అక్కడ పాఠం చెప్పారు, అడివి బాపిరాజు గారు తర్వాతి కాలంలో ప్రిన్సిపాల్‌గా చేశారు. హనుమంతరావు గారు 1922లో పోయారు. మనిషి పోయాక సంస్థ మునుపటిలా లేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు, 1931 నుంచి అయిదేళ్ళు రాధాకృష్ణన్ గారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో భారత ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేసినప్పుడు అధ్యక్షుడు ఆ రాధాకృష్ణన్ గారే. 1949 నాటి ఆ నివేదిక సాధారణ విద్య గురించి వివరంగా మాట్లాడింది. అంతకుముందే కొలంబియా విశ్వవిద్యాలయం 1919లో విద్యార్థులందరికీ సమకాలీన నాగరికత అన్న కోర్సు పెట్టింది, 1945లో హార్వర్డ్ ఈ విషయం మీదే ఒక పెద్ద నివేదిక వేసింది. ఆ గాలి మనవాళ్ళకూ తగిలింది. సైన్సు చదివేవాడికి సాహిత్యం, సాహిత్యం చదివేవాడికి సైన్సు తెలియాలని కమిషన్ కోరింది. మాట బంగారం. అయితే అమెరికాలో ఆ కోర్సు చెప్పడం పేరున్న ప్రొఫెసర్లు గౌరవంగా భావించారు. మనం కోర్సు తెచ్చుకున్నాం, ఆ గౌరవం తెచ్చుకోలేదు.

మనకొచ్చింది పార్ట్ వన్, పార్ట్ టూ. పార్ట్ వన్‌లో ఇంగ్లీషూ రెండో భాషా, పార్ట్ టూలో గ్రూపు. క్లాసు దేనికది విడిగా ఇచ్చేవారు. పెళ్ళిచూపుల్లోనూ ఉద్యోగం దరఖాస్తులోనూ “గ్రూపులో ఫస్ట్ క్లాసండీ” అనేవారే తప్ప పార్ట్ వన్ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత భారతీయ వారసత్వం–సంస్కృతి వచ్చింది, విజ్ఞానశాస్త్రం–నాగరికత వచ్చింది. ఇవి ఎవరు చెప్పాలి? ఏ డిపార్టుమెంటూ నాది అనలేదు. టైమ్‌టేబుల్ వేసే రోజున స్టాఫ్ రూములో ఎవరికి వర్క్‌లోడ్ తక్కువైతే వాళ్ళ నెత్తిన పడేది. నేను పనిచేసిన ఒక కాలేజీలో తెలుగు చెప్పే నాకు సైన్సు చరిత్ర వచ్చింది, నా పక్క కుర్చీలోని జువాలజీ ఆయనకు మౌర్యుల కాలం వచ్చింది. ఇద్దరం పరీక్షల ముందు విజయవాడ లెనిన్ సెంటర్లో ఒకే గైడు రెండు కాపీలు కొనుక్కున్నాం. పిల్లలూ అదే కొన్నారు. పేపరు కూడా అందులోంచే వచ్చింది.

ఆ వారసత్వం పేపరులో హరప్పా మురుగు కాలువలు ఉండేవి. మన పక్కనే జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటి శాసనం అక్కడ దొరికింది. అక్కడి చక్రవర్తి శిల్పం నేడు చెన్నై మ్యూజియంలో ఉంది. జగ్గయ్యపేట ఊరికి తన తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కథ వేరే ఉంది. బస్సులో ఆ ఊరు దాటుకుంటూ వచ్చి, మొహెంజోదారో స్నానఘట్టం కొలతలు బట్టీపట్టి పాసైనవాళ్ళు నా శిష్యుల్లోనే ఉన్నారు.

పర్యావరణం కథా అంతే. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పనిసరి పాఠం చేయమంది. కదలిక రావడానికి పుష్కరం పట్టింది. 2003లో కోర్టు మళ్ళీ గద్దించాక యు.జి.సి. ఆరునెలల కోర్సు తయారైంది. మొత్తం 50 పీరియడ్లు. అందులో 5 పీరియడ్లు బయటికి వెళ్ళి చూడడానికే కేటాయించారు, అది మంచి ఆలోచన. మన పిల్లలకు మునేరు ఉంది, దాని ఇసుక తవ్వకం ఉంది, జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి క్వారీలూ సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. వాళ్ళు మాత్రం ఓజోన్ పొరకు పడ్డ చిల్లు గురించి రాశారు, అదీ రికార్డు బుక్కులో, రంగు స్కెచ్చులతో.

2015 తర్వాతి మార్పులు త్వరగా చెబుతాను, ఇక్కడ కూర్చున్న పిల్లలకు నాకంటే బాగా తెలుసు. సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. మానవ విలువలు, కమ్యూనికేషన్, కంప్యూటరు పరిజ్ఞానం వచ్చాయి. 2020లో జీవన నైపుణ్యాలు, వృత్తి నైపుణ్యాలు అని విడదీశారు. పాడి, నర్సరీ, బీమా, టూరిజం లాంటివి చేర్చారు. వాటి మీద నాకు కోపం లేదు, కాకపోతే అవి ఉపాధికి. 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది. గ్రూపు సంగతి వాదించుకోవచ్చు గానీ, ఇంట్లో అమ్మతో నాన్నతో మాట్లాడుకోవాల్సిన సంగతుల్ని కూడా వాళ్ళకు అర్థంకాని భాషలో చదివించడం నాకు మింగుడుపడలేదు. 2023–24లో సింగిల్ మేజర్ వచ్చింది. యు.జి.సి. 2022 చట్రంలో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లయితే వేరే రంగాలను పరిచయం చేసే పాఠాలకు 9. చదివిన గ్రూపు జీవితాంతం అంటిపెట్టుకుంటుందనీ లేదు. మన మండలంలోని పొన్నవరంలో పుట్టిన ఎన్.వి. రమణ గారు బి.ఎస్సీ. చదివి, తర్వాత లా చదివి, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఈ మార్పులన్నిటిలో నాకు నిజంగా నచ్చింది ఒకటుంది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 180 గంటలు ఒక ఊళ్ళో తిరగాలి, ఇల్లిల్లూ సర్వే చేయాలి, లాగ్ బుక్ రాయాలి. గ్రూపుతో పనిలేదు, అందరికీ ఒకటే. నేను చూసిన లాగ్ బుక్కుల్లో చాలా మటుకు ఒకరిది చూసి ఒకరు రాసినవే. “గ్రామ ప్రజలు అమాయకులు, కష్టజీవులు” అన్న వాక్యం అన్నిట్లో ఉంది. కానీ ఒక బి.కాం. అమ్మాయి రాసింది వేరు. ఒకే వీధిలో కౌలుకు చేసేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఎకరానికి కౌలు ఎంత, మందుల కొట్టులో అప్పు ఎంత, ఆ అప్పుకు వడ్డీ రాస్తారా, లేక పత్తి అక్కడే తూయించాలన్న షరతులో కలిపేస్తారా అని అడిగింది. ఇంటికో వరస చొప్పున పట్టిక వేసింది. కౌలు కార్డు ఉన్న ఇళ్ళూ లేని ఇళ్ళూ విడగొట్టి, బ్యాంకు అప్పు ఏ వరసలో ఆగిపోయిందో ఎర్రసిరాతో గీత గీసింది. అకౌంట్స్, ఆర్థికశాస్త్రం, న్యాయం, వ్యవసాయం నాలుగూ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. ఆ లాగ్ బుక్కు మీద సంతకం ఉంది, మార్కులు ఉన్నాయి. చదివిన గుర్తు ఒక్కటి లేదు. ఆ తర్వాత అది కాలేజీ బీరువాలోకి పోయింది.

కాబట్టి ఇక్కడికి వచ్చిన ప్రిన్సిపాళ్ళకు నా విన్నపం. సిలబస్ మార్చమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. టైమ్‌టేబుల్ మీ చేతిలో ఉంది. జనరల్ పేపరుకు ఇష్టంతో ముందుకొచ్చే ఒక అధ్యాపకుణ్ణో అధ్యాపకురాలినో చూసి, వరసగా మూడేళ్ళు వాళ్ళకే ఇవ్వండి. వర్క్‌లోడ్ తక్కువైనవాళ్ళకు పంచకండి. ఇక వీరులపాడు పెద్దలకు ఒక మాట. వచ్చే వేసవిలో మీ ఊరికి సర్వేకు వచ్చే పిల్లల నివేదికల్లో ఒక్కో ప్రతి మీ గ్రంథాలయానికి ఇవ్వమని కాలేజీకి ఉత్తరం రాయండి. రాసిన పిల్లల్ని పిలిపించి ఇదే వేదిక మీద చదివించండి, తప్పులుంటే మీరే దిద్దండి. ఉత్తరం రాయడానికి ఎవరూ దొరక్కపోతే సభ అయ్యాక నాకు చెప్పండి, ఇక్కడే రాసిచ్చి వెళతాను.