గుడ్డ పర్సు కుట్టుకుందాం
(అల్ రువైస్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, నాట్యాలు, నాటికలు వున్న కార్యక్రమంలో ఒకరు సూదీ దారంతో వేదిక ఎక్కడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన సంస్కృతి పాటలో ఎంత వున్నదో, అమ్మమ్మ నడుమున దోపుకున్న వక్కాకు సంచిలోనూ అంతే వున్నది. డబ్బు దాచుకొనడానికి మనవాళ్ళు తోలు పర్సుల కోసం ఎదురుచూడలేదు. చీర కొంగు ముడి, పంచె రొంటి, మొలకు కట్టిన తిత్తి, ఇవే వారి బ్యాంకులు. ఆ వక్కాకు సంచిని ఒక్కసారి తలచుకోండి. ఆకులకు ఒక అర, వక్కలకు ఒక అర, సున్నపు డబ్బీకి ఒక అర, చిల్లరకు అన్నిటికన్నా లోపలి అర. ఏది ఎక్కడ వుండాలో కుట్టేటప్పుడే తేలిపోయేది. ఈనాడు నేను చెప్పదలచినదంతా ఇదే: పర్సు కుట్టడమంటే ముందుగా అరలు నిర్ణయించుకొనడం.

గుడ్డకూ యీ సముద్రతీరానికీ పాత చుట్టరికమే వున్నది. మన చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వచ్చేవి. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలుకు పట్టించి, ఎరుపు, నలుపు, తెలుపు రంగులలో నేసిన చదరపు గుడ్డలవి. ఇక్కడివారు వాటిని తలకు చుట్టుకొనేవారు. ఆ నేత నేడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నిలిచి వున్నది. ఆ ఊరి నేతగాడు గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక మనకు దగ్గరలోని జుబారా, 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాత పట్టణం, ముత్యాల వర్తకంతో బ్రతికినది. గల్ఫు ముత్యాల వర్తకులు తమ సరుకును ఎర్రని గుడ్డలో మూటగట్టి వుంచుకొనేవారు. కాబట్టి విలువైన వస్తువును గుడ్డలో భద్రం చేయడం ఆ ఒడ్డుకూ యీ ఒడ్డుకూ కొత్త కాదు.

రువైస్ వంటి రేవు ఊరిలో గుడ్డ పర్సుకు మరొక అనుకూలం వున్నది. ఉప్పుగాలికీ, వేసవి చెమటకూ తోలు బూజు పడుతుంది, పగులుతుంది. గుడ్డనైతే శుక్రవారం ఉతికి ఆరవేసుకోవచ్చును. దోహా ఇక్కడికి నూరు కిలోమీటర్లకు పైనే గనుక, చిన్న వస్తువును మన చేతితో చేసుకోగలగడం మంచిదే కదా!

"సూది పని ఆడవాళ్ళది" అనే తమ్ముళ్ళకు ఒక్క మాట. మన ఊళ్ళ టైలరు దుకాణాలలో మిషను ముందు కూర్చున్నది ఎవరు? ఇక్కడి రేవులో వలలు బాగుచేసే చేతులు ఎవరివి? మిషను అక్కరలేదు. సూది, గట్టి నూలు దారం, కత్తెర, స్కేలు, ఒక సెలవునాటి మధ్యాహ్నం వుంటే చాలును.

ముందు గుడ్డ సంగతి. మంగళగిరి నూలు గాని, రవికల ముక్క గాని, పాత చొక్కా వీపు భాగం గాని పనికివస్తుంది. పట్టు, జారుడు పాలిస్టరు మొదటిసారి వద్దు. అవి చేతిలో నిలవవు. 45 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు వుంటే సరిపోతుంది. కత్తిరించక ముందే రాత్రంతా నానవేసి ఆరవేయండి. కుంచించుకొనేది అప్పుడే కుంచించుకుంటుంది, వదిలే రంగు అప్పుడే వదులుతుంది. తర్వాత గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలిచి గీత తిన్నగా వస్తుంది.

ఇక కొలతలు. బ్యాంకు కార్డుకైనా, ఖతార్ గుర్తింపు కార్డుకైనా ఒకటే కొలత: సుమారు 8.6 సెంటీమీటర్లు పొడవు, 5.4 వెడల్పు. మన 500 రూపాయల నోటు 15 సెంటీమీటర్లు పొడవు, 6.6 వెడల్పు. మీ దగ్గరి పెద్ద రియాలు నోటును కూడా కొలిచి చూసుకోండి. మన పర్సు విప్పినప్పుడు 20 సెంటీమీటర్ల పొడవు, 10 ఎత్తు వస్తుంది. ఇందుకు ఆరు ముక్కలు కత్తిరించాలి: 22 × 12 కొలతలో రెండు, 22 × 14 కొలతలో ఒకటి, 21.5 × 11 కొలతలో మూడు. అంచు చుట్టూ ఒక సెంటీమీటరు కుట్టులోకి పోతుంది. అది యీ లెక్కలో చేరే వున్నది.

మొదట వెలుపలి పలక. 22 × 14 ముక్కను పొడవునా మడిచి 7 సెంటీమీటర్ల పట్టీ చేయండి. మడత పైకి, తెగిన అంచులు కిందికి వచ్చేలా దానిని 22 × 12 ముక్కలలో ఒకదాని మంచివైపున, అడుగు అంచుకు సరిగా పెట్టి కచ్చాకుట్టు వేయండి. రెండో ముక్కను, మంచివైపు లోపలికి వుండేలా, దాని మీద బోర్లించండి. చుట్టూ కుట్టి, అడుగున 5 సెంటీమీటర్ల నోరు వదలండి. ఆ నోరు ఒక పక్కకు వుండాలి. నడుమ పర్సు మడత వస్తుంది. మూలల కొసలను కుట్టు తెగకుండా కత్తిరించి, నోటిగుండా తిరగవేసి, మూలలను పుల్లతో తోసి, నోటి అంచులు లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి.

తర్వాత లోపలి పలక. దీనికి 21.5 × 11 ముక్కలు మూడు. ఒకదాన్ని మడిచి పట్టీ చేసి, రెండోదాని మీద అదే విధంగా పెట్టండి. మూడోది బోర్లించక ముందు, పట్టీకి సరిగా నడుమ పైనుంచి కిందికి ఒక కుట్టు వేయండి. రెండు కార్డు అరలు ఏర్పడతాయి. ఆ పైన అంతా మొదటి పలక మాదిరే.

ఇప్పుడు వెలుపలి పలకను, పొడుగాటి పట్టీ పైకి కనబడేలా, బల్ల మీద పరచండి. కార్డు అరలు మీవైపు చూసేలా లోపలి పలకను దాని మీద పెట్టి, అడుగు అంచులు కలపండి. లోపలి పలక అర సెంటీమీటరు పొట్టి అని మీరు గమనించే వుంటారు. అది కావాలని పెట్టినదే; రెండూ సమానమైతే మడిచినప్పుడు లోపలిది ముడతలు పడుతుంది. ఎడమ, కుడి అంచులు ముందుగా కుట్టండి. అడుగున కుట్టేటప్పుడు సరిగా నడుమ ఒక సెంటీమీటరు కుట్టకుండా వదలండి. వదిలిన నోళ్ళు యీ కుట్టుతోనే మూసుకుపోతాయి. ప్రతి కుట్టునూ వెనక్కి ఒక అడుగు వేసి ముందుకు రెండడుగులు వెళ్ళినట్లు వేస్తే వూడదు. పై మూలల దగ్గర మూడు నాలుగు సార్లు బిగించండి. పర్సు మొదట చిరిగేది అక్కడే.

పర్సు పూర్తయింది. లోపలి పొడుగాటి పట్టీ వెనుక ఒక రహస్యపు అర ఏర్పడింది చూశారా? దానికి నేను "ఇంటి అర" అని పేరు పెట్టాను. 2021 మార్చి 20 నుంచి ఖతార్‌లో కనీస వేతనం నెలకు 1,000 రియాళ్ళు. యజమాని వసతి, భోజనం ఇవ్వకపోతే వాటికి 500, 300 అదనం. జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమల నుంచి వచ్చిన మనవాళ్ళలో ఆ వెయ్యి మీదనే ఇల్లు నడిపేవారున్నారు. బ్యాంకు నుంచి తీసిన రోజునే ఇంటికి పంపే నోట్లు ఆ అరలో పడాలి. టీకి, సిగరెట్టుకు, ఫోను రీచార్జికి ముందరి అర. పర్సు జీతాన్ని పెంచలేదు, నిజమే. కాని అన్నీ కలిసివున్న జేబులోంచి ఇంటి డబ్బు తెలియకుండా జారిపోతుంది. వేరే అరలోంచి తీయాలంటే చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది. ఆ క్షణంలో పిల్లల ఫీజు గుర్తుకు వస్తే చాలును.

చివరగా మరొక్క సంగతి. ఒక కార్డు అరలో చిన్న కాగితం వుంచండి. మీ పేరు, రక్తపు గ్రూపు, ఇక్కడి స్నేహితుని నంబరు, ఇంటి నంబరు ఇంగ్లీషులో గాని, అరబ్బీలో గాని వ్రాయండి. ఎండకు సొమ్మసిల్లినప్పుడు తాళం వేసిన సెల్‌ఫోను ఎవరికీ ఉపయోగపడదు. ఆ కాగితం ఉపయోగపడుతుంది. బ్యాంకు కార్డు రహస్య సంఖ్యను మాత్రం ఎంత లోపలి అరలోనూ వ్రాసి పెట్టకండి.

మొదటి పర్సు కుట్లు కొంచెం వంకరగా వస్తే రానివ్వండి. రెండోది తిన్నగా వస్తుంది. ఆ రెండోది మీ గదిలోని మరొక తమ్మునికి కుట్టి ఇవ్వండి. కుట్టడం నేర్పితే మరీ మంచిది.