ఎదుగు బిడ్డల మనస్సు - చేతిలోని ఫోను
(జాలహళ్ళిలో పాఠశాల వార్షికోత్సవము నాడు తల్లిదండ్రుల సమావేశమున గావించిన ఉపన్యాసము)



వార్షికోత్సవమనగా బహుమతుల పండుగ. పరుగులో మొదట వచ్చినవానికి, పద్యము చక్కగా చదివిన బాలికకు, మార్కులు హెచ్చుగా తెచ్చుకొన్నవారికి ఈ వేదికపై బహుమతులీయబడినవి. వారిని చూచి మనమందరము సంతోషించితిమి. అయితే ఈ సాయంకాలము నేను ఈ వేదికపైకి రాని బిడ్డలనుగూర్చి మాటలాడదలచితిని. వెనుకబెంచీలో తల వాల్చి కూర్చుండు బిడ్డ, నిన్నటివరకు ఆడిపాడి నేడు గదిలో తలుపు వేసికొన్న బిడ్డ, రాత్రి రెండు గంటలవరకు ఫోను వెలుతురులో మేలుకొనియుండు బిడ్డ - వీరిని గూర్చియే నా మాట.

మొదట నా తప్పు నొకదానిని మీ ముందు ఒప్పుకొందును. కొన్నేండ్ల క్రిందట నా తరగతిలో తొమ్మిది చదువుచున్న ఒక బాలుడుండెను. కబడ్డీలో వానిని పట్టుట ఎవరి తరము కాదు. దసరా సెలవుల తరువాత వాడు మైదానమునకు వచ్చుట మానెను. పాఠము నడుచుచుండగా నిద్రపోయెడివాడు. తండ్రి సోమరితనమనెను. అవ్వ దిష్టి తగిలినదని నిమ్మకాయలు త్రిప్పి పారవేసెను. నేనేమి చేసితిని? బెంచీపై నిలువబెట్టితిని. ఒకనాడు వాడు తండ్రితో, "నాకేం చేయబుద్ధి అయితలేదు నాయనా" అని ఏడ్చెనట. ఆ మాట తండ్రి చెవికెక్కుటకు ఎనిమిది నెలలు పట్టినది. వైద్యుడు చూచి అది సోమరితనమును కాదు, దిష్టియును కాదు, మనస్సు కుంగిపోవు జబ్బు అని చెప్పెను. ఆ ఎనిమిది నెలలు వాని జీవితములోనుండి పోయినవి. వానిలో కొన్నిటిని పోగొట్టినవాడను నేను.

ఇట్టి బిడ్డ ఎక్కడనో ఒక్కడుండునని తలపవలదు. బెంగళూరులోని నిమ్హాన్సు సంస్థవారు 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములయందు జాతీయ మానసికారోగ్య సర్వే జరిపిరి. 13 మొదలు 17 ఏండ్ల వయస్సు వారిలో నూటికి 7.3 మందికి ఏదో యొక మనోవ్యాధి కలదని దానివలన తెలిసినది. అనగా 40 మంది గల తరగతిలో ముగ్గురు. పెద్దలలో కనిపించు మనోవ్యాధులలో మూడవవంతు 14 ఏండ్లలోపుననే, ఇంచుమించు సగము 18 ఏండ్లలోపుననే మొదలగునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. కనుక ఇది ముదిసిన తరువాత వచ్చు జబ్బు కాదు. మన బడి గోడల నడుమనే మొలకెత్తు జబ్బు.

మనస్సు వేరు, దేహము వేరు అని మనమనుకొందుము. వైద్యులట్లనుకొనరు. నిద్ర చెడిన మనస్సు చెడును. మనస్సు చెడిన ఆకలి చెడును. తిండి చెడిన దేహము బరువెక్కును, లేక చిక్కిపోవును. దేహము కదలనిచో మనస్సు మరింత కుంగును. ఇది గానుగెద్దు తిరుగుడు వంటిది. ఎక్కడనో ఒకచోట దానిని ఆపవలెను. కొన్ని మనోవ్యాధులకు ఇచ్చు మందులు ఆకలిని హెచ్చించి బరువును పెంచును. అందుచేత మందు మ్రింగుటతో పని తీరదు. నడక, నిద్ర, భోజనము అను మూడును మందుతోపాటు నడువవలెను. బరువు పెరుగుచున్నదని మందును తమంత తాము మానివేయుట ప్రమాదము. ఆ సంగతి వైద్యునితో చెప్పిన, ఆయన మందు మార్చును, లేక మోతాదు సవరించును.

ఈ మూడింటికి లెక్కలు కలవు. 13 మొదలు 18 ఏండ్ల బిడ్డకు రోజునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. 17 ఏండ్లలోపు బిడ్డ ప్రతిదినము సుమారు 60 నిమిషములు ఒళ్ళు వంచి ఆడవలెను, లేక చురుకుగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో మరల చెప్పిరి. మన రాయచూరు ఎండలు మీకు తెలియనివి కావు. ఏప్రిలు, మే నెలలలో మధ్యాహ్నము బయటికి పొమ్మని ఎవరును చెప్పరు. తెల్లవారుజామున చేనివరకు నడచి వచ్చినను, సాయంకాలము చల్లబడిన తరువాత ఖోఖో ఆడినను చాలును. ఇక తిండి మాట. జొన్నరొట్టె, పప్పు, పుంటికూర, వేరుశనగ పొడి - మన పెద్దలు తిన్న ఈ తిండికి దండుగ ఏమియు లేదు. పది రూపాయల చిప్సు పొట్లమును, తీపి సీసానీళ్ళను ముద్దుగా కొనిపెట్టి, ఇంటి రొట్టెను పేదతనపు తిండియని బిడ్డ ఎదుట చులకన చేయువారము మనమే.

ఇచ్చట ఒక సంగతి తల్లులు ప్రత్యేకముగా వినవలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. రక్తము తక్కువైన బాలిక అలసిపోవును, విసుగుకొనును, పుస్తకము ముందు కూర్చుండలేదు. చూచువారికి అదియు సోమరితనముగనే తోచును. బడిలో వారమునకొకటి ఇచ్చు నీలిరంగు ఇనుపమాత్ర ఇందుకొరకే. కడుపులో త్రిప్పునని బిడ్డ దానిని కిటికీలోనుండి పారవేయకుండ చూడుడు. భోజనము చేసిన తరువాత మ్రింగిన ఆ బాధ తగ్గును.

ఇప్పుడు ఫోను మాటకు వత్తును. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినవి. చదువుకొరకని అప్పుచేసి ఫోను కొనియిచ్చిన తండ్రులు ఈ సభలో కలరు. బడులు తెరచిరి గాని ఫోను బిడ్డ చేతినుండి దిగలేదు. అది నిద్రను దొంగిలించుచున్నది, ఒకరి సొగసును మరొకరికి చూపి వారిలో న్యూనతను నాటుచున్నది. ఈ చిక్కు ఎంత పెద్దదనగా 2014లోనే నిమ్హాన్సువారు ఫోను, ఇంటర్నెట్టు వ్యసనమునకు ప్రత్యేకముగా ఒక చికిత్సాలయమును తెరువవలసి వచ్చినది. అయినను నేను ఫోనును పగులగొట్టుడని చెప్పను. కత్తి కూరలు తరుగును, వ్రేలిని కోయును. పట్టుకొను తీరు నేర్పవలెను.

ఆ ఫోనులోనుండియే సాయము కూడ వచ్చుచున్నది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసికారోగ్య దినమున, భారత ప్రభుత్వము టెలీమానస్ అను సేవను ఆరంభించినది. దాని సంఖ్య 14416. రాత్రింబవళ్ళు ఎప్పుడు పిలిచినను పలుకుదురు. రుసుము లేదు. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాటలాడును. అవసరమైన మానసిక వైద్యునికి అప్పగించును. ఆ పైన దగ్గరి ఆస్పత్రికి దారి చూపును. 2024 అక్టోబరులో దానికి ఒక యాప్ కూడ వచ్చినది. వీడియోలో వైద్యుడు చూచు ఏర్పాటు మొదట ఆరంభమైన రాష్ట్రములలో మన కర్ణాటకమొకటి.

మనవంటి భాషా అల్పసంఖ్యాకులకు ఇందులో ఒక మేలు కలదు. ఆ సేవ ఇరవై భాషలలో నడుచుచున్నది. అందు కన్నడమును కలదు, తెలుగును కలదు. మన బిడ్డ బజారులో కన్నడము మాటలాడును, పరీక్షలో ఇంగ్లీషు వ్రాయును. కాని గుండెలో గుబులు పుట్టినపుడు దానికి పేరు అమ్మ భాషలోనే దొరకును. 'మనసు మనసులో లేదు' అను మాటను మరొక భాషలోనికి మార్చి చెప్పవలసివచ్చిన సగము బాధ చెప్పకయే మిగిలిపోవును. మాతృభాషలో విద్య నేర్పు వసతి అల్పసంఖ్యాకుల బిడ్డలకు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఏ అధికరణము చెప్పుచున్నది. 1956లో, ఈ రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరిన సంవత్సరముననే, ఆ అధికరణము వచ్చినది. చదువు మాతృభాషలో కావలెనని కోరు మనము, ఏడ్చుటకు కూడ మాతృభాష కావలెనని గుర్తింపవలదా?

ఇంతచెప్పి ఫోను సాయమునకు గల హద్దును చెప్పకున్న అది మోసమగును. ఆరోగ్యకరమైన అలవాట్లు నేర్పు యాప్‌లు, ఆన్‌లైన్ పాఠములు నేడు కోకొల్లలు. మొదటివారము ఉత్సాహముగా తెరచినవారిలో చాలమంది నెల తిరుగకమునుపే మానివేయుదురు. మరియొక మనిషి వెనుకనుండి, "ఈ వారము నడచితివా? నిద్ర పట్టినదా?" అని అడుగుచున్నపుడే అవి నిలుచును. నేను చెప్పిన బాలుని సంగతియు అట్లే జరిగినది. వైద్యుడు మందిచ్చెను. ఒక సలహాదారు వారమునకొకమారు ఫోనులో మాటలాడి చిన్న చిన్న పనులు చెప్పెడిది - ఒకే వేళకు లేచుట, పది నిమిషముల నడక, రాత్రి తొమ్మిదికి ఫోను వంటయింటిలో పెట్టుట. కాని వానితోకూడ నడచినవాడు తండ్రి. మొదటివారము పది నిమిషములు, రెండవ నెలకు కాలువగట్టు వరకు. వాడు ఒక ఏడు ఆలస్యముగా పదవ తరగతి గట్టెక్కెను. మరల కబడ్డీ ఆడలేదు. అయినను నవ్వుచున్నాడు. అది చాలును.

మన పొరుగు బళ్ళారి జిల్లాను తలచుకొనుడు. 1985లో నిమ్హాన్సువారు సుమారు 20 లక్షల జనాభా గల ఆ జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును సిబ్బందికిని తర్ఫీదునిచ్చి, పల్లెలోనే మనోవ్యాధులకు చికిత్స చేయవచ్చునని నిరూపించిరి. ఆ నమూనానుబట్టియే 1996లో దేశమున జిల్లా మానసికారోగ్య కార్యక్రమము మొదలైనది. పల్లెవారికి మనోవైద్యము ఎందుకని అడుగువారికి పల్లెసీమయే ఇచ్చిన జవాబు అది.

కావున తల్లిదండ్రులారా, మీకు నా విన్నపము ఇది. బిడ్డ నిద్ర, తిండి, ఆట, స్నేహము - ఈ నాలుగింటిలో మార్పు రెండు వారములు దాటి నిలిచిన, తిట్టక అడుగుడు. అడిగి, ఊరకుండి వినుడు. దేవునికి మ్రొక్కుటను నేను కాదనను. మ్రొక్కిన చేతితోనే వైద్యుని తలుపు తట్టుడు. "నేను లేకున్న బాగుండును" అని బిడ్డ అన్నచో అది బెదిరింపు కాదు, మొర. ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా విడువకుడు. పురుగుమందు డబ్బాలను ఇంటిలోనుండి తీసివేసి తాళములో పెట్టుడు. 14416కు పిలువుడు, లేక ఆస్పత్రికి తీసికొనిపొండు. ఆత్మహత్యకు యత్నించినవారిని నేరస్థులుగా గాక, తీవ్రమైన మనోవేదనలో ఉన్నవారిగా చూడవలెనని 2017 మానసికారోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. బిడ్డ చికిత్స సంగతి గోప్యముగా ఉంచవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. పెండ్లి సంబంధములు చెడునని భయపడి ఆలస్యము చేయవలదు.

రాత్రి తొమ్మిది గంటలకు ఇంటిలోని ఫోనులన్నియు ఒకచోట పెట్టుడు. ముందు మీ ఫోను పెట్టుడు. తండ్రి చేతిలో ఫోను వెలుగుచుండగా కొడుకునకు నీతి చెప్పుట గుడ్డలు తడిసినవాడు గొడుగు అమ్ముట వంటిది.

ఉపాధ్యాయులకును నాకును నేను చెప్పుకొను మాట ఒకటే. ఇకమీదట ఏ బిడ్డనైనను బెంచీపై నిలువబెట్టుటకు ముందు, వాని ప్రక్కన ఒక నిమిషము కూర్చుందము.

వచ్చే వార్షికోత్సవమునాటికి బహుమతులు ఎన్నియైన రానిండు. వెనుకబెంచీలో తల వాల్చిన ఒక్క బిడ్డ తలయెత్తి ఈ సభలో మన నడుమ కూర్చుండిన, అదియే ఈ బడికి గొప్ప బహుమతి.