ఆగితే వేడా? పరిగెత్తితే వేడా?

వేసవి మొదలైతే చాలు, ఈ వీడియోలు చూసేవాళ్లు అడిగేది ఒకటే: కారు టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, థర్మోస్టాట్ పీకించేయాలా? పీకించేయమనే మెకానిక్‌లు ఊరూరా ఉన్నారు. "మన ఎండలకి అదెందుకు సార్, చలి దేశాల వాళ్లకి గానీ" అంటారు. ఆ మాట వింటే ఈ వీడియో చేసే మనిషికి ఒళ్లు మండుతుంది.

థర్మోస్టాట్‌లో చిన్న మైనం గుళిక ఉంటుంది. చాలా కార్లలో 80, 90 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి ఉబ్బుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, కూలెంట్ రేడియేటర్‌కి పోతుంది. బెజవాడ ఎండ 45కి చేరినా దానికి సగం దారే. తీసేస్తే ఇంజిన్‌కి సరైన వేడి ఆలస్యంగా వస్తుంది, అప్పటిదాకా కారు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

ముందు చూడాల్సింది, ముల్లు ఎప్పుడు లేస్తోందన్నది. సిగ్నల్ దగ్గర లేచి, హైవే ఎక్కగానే దిగితే అనుమానం ఫ్యాన్ మీద. పరుగులో గాలి దానంతట అదే రేడియేటర్‌కి కొడుతుంది, ఆగినప్పుడే ఫ్యాన్‌తో పని. బానెట్ ఎత్తి ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరగాలి. చేతులు మాత్రం దూరం!

ఈ వీడియో చేసే మనిషి పాత కారుకి ఓ షెడ్డులో రేడియేటరే మార్చాలన్నారు. మార్పించాడు కూడా. మర్నాడు మళ్లీ సిగ్నల్ దగ్గర అదే వరస. తీరా పోయింది ఫ్యాన్ రిలే, అగ్గిపెట్టెకన్నా చిన్న నల్ల డబ్బీ. దాని కాలు ఒకటి మాడి గోధుమరంగుకి తిరిగింది.

మధ్యలో వచ్చినవాళ్ల కోసం మళ్లీ: ఆగితే వేడా, పరిగెత్తితే వేడా?

హైవే మీదే లేస్తే రేడియేటర్ పూడి ఉండొచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు. రేడియేటర్ పూడటంలో బోరు నీళ్ల వాటా తక్కువేం కాదు. బకెట్‌లో వేసే హీటర్ రాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది కదా, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే. కూలెంట్‌లో కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్.

వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు. లోపల ఒత్తిడి ఉంది కాబట్టే కూలెంట్ 100 దాటినా మరగదు. మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా పొంగి ముఖానికి కొడుతుంది.

కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క కనపడదు, ఆయిల్ మూత లోపల పాల టీ రంగు జిడ్డు. ఇలాగైతే అనుమానం హెడ్ గాస్కెట్. కారు షెడ్డుకి నడుపుకుంటూ కాదు, టోయింగ్ బండి మీద వెళ్లాలి.