ఒళ్లు కదిలితేనే సాగే ఆట

వీడియో గేముల మీద ఇంట్లో పెద్దలందరిదీ ఒకటే ఫిర్యాదు: పిల్లలు కూర్చున్న చోటు నుంచి లేవరని. తెరమీద వీరుడు పరుగెడతాడు, దూకుతాడు. ఆడేవాళ్లకు కదిలేవి బొటనవేళ్లే. ఒళ్లంతా కదిలిస్తే తప్ప ఆట సాగకుండా చేయగల పరికరం ఒకటుంది. అదే కదలికను పసిగట్టే కెమెరా. అదెలా పనిచేస్తుందో ఈ రోజు చెప్పుకుందాం.

2003లో సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 2 కోసం ఐటాయ్ అనే కెమెరా తెచ్చింది. మీరు చెయ్యి ఊపితే దానికి తెలిసేది గాని, ఆ చెయ్యి ఎంత ముందుకు వచ్చిందో తెలిసేది కాదు. గదిలో వెలుతురు చాలకపోతే తడబడేది కూడా.

2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన కినెక్ట్ దూరాన్ని కొలవడం నేర్చింది. అందులోంచి మన కంటికి కనిపించని పరారుణ కాంతి వేల చుక్కలుగా గది నిండా పడుతుంది, ముగ్గు వేసేముందు వాకిట్లో పెట్టిన చుక్కల్లాగా. ఆ కాంతిని చూడగలిగే కెమెరా ఒకటి కొంచెం పక్కగా ఉంటుంది. మీరు అరచెయ్యి ముందుకు చాపారనుకోండి. అరచేతి మీద పడ్డ చుక్కలు ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరిగినట్టు ఆ కెమెరాకు కనిపిస్తాయి. ఎంత జరిగాయో లెక్కగట్టి, చెయ్యి ఎంత దూరంలో ఉందో తేలుస్తుంది. సెకనుకు 30 సార్లు ఈ పని జరుగుతుంది.

దూరం తెలిస్తే సరిపోదు, ఏది మోచెయ్యో ఏది మోకాలో కూడా తెలియాలి. అందుకోసం పరిశోధకులు రకరకాల భంగిమల్లో ఉన్న లక్షల బొమ్మలను కంప్యూటర్‌లోనే తయారుచేసి, వాటితో కినెక్ట్‌కు శిక్షణ ఇచ్చారు. అలా అది ఆడే మనిషి ఒంట్లో 20 కీళ్ల స్థానాలను వెంటవెంటనే గుర్తించగలిగింది.

దీని ఫలితం డాన్స్ సెంట్రల్ అనే ఆటలో బాగా కనిపించింది. తెరమీది నర్తకిని చూస్తూ మనం అడుగులు వేయాలి. ఎడమ చెయ్యి తప్పుగా కదిపితే, నర్తకి ఆ చెయ్యే ఎర్రగా మెరుస్తుంది. ఒంటి కదలికలో తప్పు ఎక్కడో చూపించి దిద్దుకోనివ్వడం, మీటలు నొక్కే ఆటకు చేతకాని పని.

పరిమితులూ ఉన్నాయి. వీపు వెనక దాచిన చెయ్యి కెమెరాకు కనబడదు. ఎండ నేరుగా పడే గదిలో ఆ చుక్కలు ఎండలో కలిసిపోతాయి. మన కదలిక తెరమీదికి చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది. అందుకే క్షణాల్లో గురి చూసి కొట్టే ఆటలకన్నా నాట్యం, వ్యాయామం, బౌలింగ్ లాంటివి దీనికి బాగా నప్పుతాయి. కినెక్ట్ తయారీ 2017లో ఆగిపోయింది. కానీ ఇప్పుడు మామూలు ఫోన్ కెమెరాతోనే కీళ్లను గుర్తించే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇకముందు ఇలాంటి ఆటలకు ఖరీదైన పరికరం అవసరం లేదు.

ఇక ఆరోగ్యం మాట. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు చురుకైన శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇలాంటి ఆటలో ఒంటికి శ్రమ ఉన్నా, అది మైదానంలో పరుగుకు సాటి రాదు. ఆడేముందు బల్లలు, కుర్చీలు పక్కకు జరపండి. జారే చాప ఉంటే తీసేయండి. అయిదు నిమిషాలు తేలికగా ఒళ్లు కదిలించాకే మొదలుపెట్టించండి. ఆట అయ్యాక కెమెరాకు మూత వేయండి, లేదా ప్లగ్ తీసేయండి. ఇంట్లో జరిగేదంతా అది చూస్తూ ఉండాల్సిన పని లేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. సాయంత్రం వీధిలో ఆడే ఆట మాన్పించి పిల్లలకు దీన్ని ఇవ్వకండి. సోఫాలో కూర్చుని ఆడే ఆటకు బదులుగా ఇవ్వండి, వీలైతే మీరూ పక్కన నిలబడి ఆడండి.