కట్టడమునకు మున్ను కట్టువాడు

(ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థిసంఘమువారి కోరికపై మేము చేసిన ప్రసంగపాఠము)



దేశనిర్మాణమున ఇంజనీర్ల పాత్రను గూర్చి మాటలాడుమని మీ సంఘమువారు మమ్ము కోరిరి. విషయము గొప్పది. ఆనకట్టలను గూర్చియు, వంతెనలను గూర్చియు నాలుగు మాటలు చెప్పి, మీ కరతాళధ్వనులను మూటగట్టుకొని పోవుట మాకు సులభమే. కాని నిన్నటి సాయంకాలము మా పఠనమందిరము ప్రక్కవీధిలో చూచిన యొక దృశ్యము మా ప్రసంగమును దారి మార్చినది.

అచ్చట నొక మేడకు పునాదులు త్రవ్వుచున్నారు. గోతిలో నలుగురు కూలీలు. గట్టున నొక యువ ఇంజనీరు. ఇంజనీరు తలపై హెల్మెట్టు కలదు. గోతిలోనివారి తలలపై తువాళ్లు మాత్రమే కలవు. త్రవ్విన మట్టి యంతయు గోతి యంచుననే కుప్పవోసి యున్నది. లోతెంత యని మేమడిగితిమి. "ఎనిమిది తొమ్మిది అడుగు లుండునండీ. అది మేస్త్రి చూచుకొనును" అని యాయన వినయముగనే బదులు చెప్పెను.

ఆ యువకుడు దుష్టుడు కాడు, సోమరియు కాడు. మీవలెనే నాలుగేండ్లు చదివి, పరీక్షలలో కృతార్థుడై వచ్చినవాడు. మట్టి యెంత బరువు నోర్వగలదో లెక్కగట్ట నేర్చినవాడు. ఆ మట్టియే యొరిగినచో గోతిలోని నలుగురు ఏమగుదురో మాత్రము ఆతనికెవ్వరును నేర్పలేదు. ఈ లోపమును గూర్చియే నేడు మేము మాటలాడదలచితిమి.

మొదట ఆ గోతి సంగతియే చూతము. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైబడి తూగును. అనగా ఒక చిన్న మోటారుకారు బరువు. అది మనిషి రొమ్మువరకు కప్పినచో, ఊపిరి విడిచినప్పుడెల్ల మట్టి మరికొంత బిగియును. తిరిగి ఊపిరి పీల్చుటకు చోటుండదు. తల పైకి కనబడుచున్నను ప్రాణము పోవును. తోడివాని నెత్తబోయి గోతిలోనికి దుమికినవాడు రెండవ విరుగుడుపాటున బలియగుటయు కద్దు. ఇందుకే మన భారతీయ ప్రమాణములలో ఐ.ఎస్. 3764 అనునది, ఒకటిన్నర మీటరుకు మించిన లోతుగల గోతికి ప్రక్కల దాపు లమర్చవలెననియో, గట్టును వాలుగా చెక్కవలెననియో విధించుచున్నది. త్రవ్విన మట్టిని అంచునకు దూరముగా వేయవలెననియు చెప్పుచున్నది. ఇందులో గొప్ప గణితమేమియు లేదు. ఒక కొలబద్దయు, కొన్ని పలకలును, ఒక నోటిమాటయు చాలును. నిన్నటి గోతియొద్ద కొలబద్ద యుండెను, పలకలును ఉండెను, నోటిమాటయే లేకపోయెను.

ఇట్లు పోవు ప్రాణములు ఎవరివి? 2014 జూన్ 28వ తేదీన చెన్నై నగరము చెంత మౌలివాక్కమున, కట్టుచుండిన పదునొకండంతస్తుల మేడ కూలి 61 మంది మరణించిరి. వారిలో పెక్కురు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి పొట్ట చేతబట్టుకొని పోయిన మనవారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము లోపల కూలగా ఎనమండుగురు చిక్కుకొని తిరిగి రాలేదు. వారు జార్ఖండు, ఉత్తరప్రదేశము, పంజాబు, జమ్మూకాశ్మీరములనుండి వచ్చినవారు. మన బిడ్డలు పరాయినేలపై, పరాయివారి బిడ్డలు మన నేలపై బలియగుచున్నారు. మన పొలములకు నీరు తెచ్చుటకై వచ్చినవానిని పరాయివా డనుట కంటె కృతఘ్నత వేరొకటి కలదా?

చట్టములు లేవా యని మీరడుగవచ్చును. కలవు. భవననిర్మాణ కార్మికులకై 1996లో ప్రత్యేకశాసనము పుట్టినది. 500 మందికి తక్కువగాని కార్మికులున్నచోట భద్రతాధికారి యుండవలెనని యది విధించెను. దాని స్థానమున 2020లో చేయబడిన వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చి, ఆ సంఖ్యను 250కి దించినది. సంతోషమే. కాని మన పట్టణములలో లేచుచున్న మేడలలో ఎన్నింటియొద్ద 250 మంది కూలీలు పనిచేయుచున్నారు? ఇరువది మందో ముప్పది మందో యుందురు. అట్టిచోట భద్రతాధికారి యుండడు. తనిఖీదారు ఎప్పుడో గాని రాడు. మేస్త్రి యుండును, కాంట్రాక్టరు మనిషి యుండును, పట్టా చేతబట్టుకొని వచ్చిన మీరుందురు. ఆ ముగ్గురిలో పుస్తకము చదివినవారు మీరొక్కరే. కనుక శాసనము పేరు పెట్టకపోయినను, ఆ ఇరువదిమందికి భద్రతాధికారి మీరే. ఈ సంగతిని కళాశాల మీకు ముందుగా చెప్పకుండుట న్యాయమా?

ఇక శ్లాబు సంగతి. కాంక్రీటు పోసిన పిదప సెంట్రింగు పోట్లు ఎన్నిదినము లుంచవలెనో ఐ.ఎస్. 456లో మీరు చదివియే యుందురు. నాలుగున్నర మీటర్లవరకు గల శ్లాబుకు 7 దినములు, అంతకు మించినదానికి 14; ఆరు మీటర్లకు మించిన దూలములకు 21. మీరిది పరీక్షకై కంఠస్థము చేసితిరి. కాని ఆ యంకెలు ఎందుకు పుట్టినవో మీకు కథగా ఎవరైన చెప్పిరా?

అమెరికాలో పశ్చిమవర్జీనియా రాష్ట్రమున విల్లో ఐలండు అనుచోట 1978లో నొక విద్యుత్కేంద్రమునకు శీతలగోపురము కట్టుచుండిరి. అందు పరంజాకు నేలనుండి ఆధారము లేదు. ముందునాడు పోసిన కాంక్రీటునకే దానిని బిగించి, దినమున కొక వరుస చొప్పున పైకి పోవుచుండిరి. ఏప్రిల్ 27న, సుమారు 166 అడుగుల యెత్తున, నిన్నటి కాంక్రీటు ఇంకను పచ్చిగా నుండగనే నేటి బరువును దానిపై మోపిరి. కాంక్రీటు ఊడెను, పరంజా గోపురము చుట్టును ఒలిచినట్లు క్రింద పడెను. దానిపైనున్న 51 మందియు మరణించిరి. కాంక్రీటు గట్టిపడినదో లేదో ముందుగా పరీక్షించి చూచియుండిన నీ ఘోరము తప్పియుండును. పోట్లు విప్పు దినముల సంఖ్య పరీక్షపత్రమునందలి రెండు మార్కులు కాదు. అది మనుష్యుల ఆయుర్దాయపు లెక్క.

ఇంకొక కథ. కెనడాలో క్విబెక్ నగరమున సెయింట్ లారెన్సు నదిపై వంతెన కట్టుచుండగా, ఉక్కుకడ్డీలు వంగుచున్నవని పనిచోటనున్న యువ ఇంజనీరు కనిపెట్టెను. ప్రధానసలహాదారు న్యూయార్కు నగరమున నుండెను. యువకుడు స్వయముగా పోయి ఆయనకు చెప్పెను. ఆయన బరువు మోపవలదని తంతి నిచ్చెను. కాని యది పోయినది కంపెనీ కార్యస్థానమునకు, వంతెనయొద్దకు కాదు. పని ఆగలేదు. 1907 ఆగస్టు 29వ తేదీ సాయంకాలము వంతెన కూలి 75 మంది నశించిరి. లోపమును కనుగొన్న కన్ను కలదు, ఆపుమనిన అధికారియు కలడు. పనిచోట నిలిచి ఆపగలవాడే లేకపోయెను. విద్యార్థులారా, ఈ కథను మీరు మరువవలదు. తెలివి దూరముగ నుండి, ప్రమాదము దగ్గరగ నున్నప్పుడు, దగ్గర నున్నవానికి ఆపు నధికారము ఉండితీరవలెను.

అట్లయిన నీ విద్యను నేర్పుట యెట్లు? నల్లబల్లపై నియమములను వ్రాసిన చాలదు. మొదటి సంవత్సరముననే విద్యార్థులను త్రవ్వుచున్న గోతియొద్దకు గొనిపోవలెను. కొలబద్ద వారిచేతి కిచ్చి, "ఇందులోనికి నీ తమ్ముని దింపుదువా?" అని యడుగవలెను. ముప్పది యేండ్లు పరంజాలు కట్టిన మేస్త్రిని తరగతికి పిలిచి కుర్చీ వేయవలెను. ఏ సరుగుడు బాదు విరుగునో, ఏ ముడి జారునో ఆతనికి తెలిసినంత మన పుస్తకములకు తెలియదు. వంతెనయో మేడయో చిత్రించుచున్నప్పుడే, దీనిని కట్టువాడు ఎచ్చట నిలుచును, ఎచ్చట పట్టుకొనును అని ప్రశ్నించుట నేర్పవలెను. బ్రిటనులో 1995 నుండి చిత్రకారుని పైనను ఈ బాధ్యత శాసనరీత్యా మోపబడినది. కూలీలలో ఒడియావారును హిందీవారును పెక్కురున్నారు గనుక "ఆగు", "వెనుకకు రా", "పైన చూడు" అను మాటలనైన వారి భాషలో విద్యార్థి నేర్వవలెను. ప్రమాదము సంభవించు క్షణమున నిఘంటువు వెదుకుటకు వీలుండదు.

అన్నిటికంటె ముఖ్యముగా, కాదనుట నేర్పవలెను. నవ్వకుడు, ఇది మిక్కిలి కష్టమైన విద్య. కాంట్రాక్టరు వయస్సున పెద్ద, ధనమున పెద్ద. ఉద్యోగము మీకు క్రొత్త. ఇంటివద్ద అప్పు పాతది. "పోట్లు రేపే విప్పుదుమండీ, పైయంతస్తుకు కావలెను" అని యాతడనగా, "పదునాలుగవ దినమునగాని వీలుకాదు" అని తడబడక చెప్పుట ఒక్కనాట రాదు. తరగతిలో ఒకరు కాంట్రాక్టరై, ఒకరు ఇంజనీరై పదిమారులు పలికి చూచినవానికే పనిచోట నాలుక కదలును.

కూలీలే హెల్మెట్టు పెట్టుకొనరు, నడుమునకు బెల్టు కట్టుకొనరు, మేమేమి చేయుదుము అని కొంద రందురు. కొంత నిజమే. కాని హెల్మెట్టు చివరి రక్షణ, మొదటిది కాదు. అది గోతిగట్టును నిలుపదు, పడువానిని పట్టదు. సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు గోల్డెన్‌గేటు వంతెనను 1933 నుండి 1937 వరకు కట్టినప్పుడు క్రింద వల పన్నిరి. ఆ వల 19 మంది ప్రాణములను నిలిపెను. 1937 ఫిబ్రవరి 17న బరువైన పరంజా యొకటి తెగిపడి వలను చీల్చుకొనిపోగా పదిమంది మరణించిరి. వలయు కావలెను, వలపై పరంజా పడకుండ చూచుకొను బుద్ధియు కావలెను. కూలివానిని నిందించుటకు ముందు, ఆతనికి జారని మెట్టు, ఊగని పలక, పట్టుకొనుటకు కమ్మి అమర్చితిమా యని మన మనస్సు నడుగుదము. ఖర్చగునని యనువారికి మా బదులొక్కటే: ఆ ఖర్చు ఎట్లును తప్పదు. మీరు చెల్లింపకున్న శ్రీకాకుళములోనో జార్ఖండులోనో ఒక ఇల్లాలు తన జీవితాంతము చెల్లించుచుండును.

విద్యార్థి సోదరసోదరీమణులారా! మేడ పూర్తియైనప్పుడు శిలాఫలకముపై పెద్దల పేర్లు చెక్కుదురు. కట్టినవాని పేరు ఎచ్చటను ఉండదు. అందుకు వాడు చింతింపడు. సాయంకాలము కూలి చేతబట్టుకొని ఇంటికి పోవుటయే వాడు కోరునది. ఆ కోరికను చెల్లించుట మీ చేతిలో నున్నది. ఈ ప్రసంగము ముగియగనే మేమా ప్రక్కవీధికి పోవుచున్నాము. మీలో ఇష్టమున్నవారు కొలబద్ద తీసికొని మాతో రండు. ఆ యువ ఇంజనీరు మన సోదరుడే; ఆతనికి నేర్పుటకును, ఆ గోతిలో దాపు పెట్టించుటకును ఇంకను ప్రొద్దున్నది.